ప్లేట్లు శుభ్రంగానే ఉన్నాయి

ఆ హోటల్లో నాకు కుర్చీ వేయలేదు. ముందుగా ఆ మాట చెప్పేస్తే మిగతాది తేలిగ్గా చెప్పగలను. బీరు వండే గదిలో పనిచేసినంత కాలం నేను బార్లీ బస్తా మీదే కూర్చున్నాను. బస్తాలు అయిపోయిన రోజున నిలబడ్డాను. కొత్తగా పనిలో చేరిన మీలాంటి వాళ్లు ఇంత చిన్న సంగతిని ఇంకా మనసులో పెట్టుకోవాలా అనుకోవచ్చు. పెట్టుకోవాలి. మనకు జరిగినదాన్ని మనమే మర్చిపోతే ఇంకెవరు గుర్తుంచుకుంటారు?

నేను బొగ్గు గనుల వర్క్‌షాపులో ఫిట్టర్‌గా రిటైరయ్యాను. పంపులు, కంప్రెసర్లు, వాల్వులు నా చేతుల మీదుగా పోయినవే. రిటైరయ్యాక కొన్నాళ్లు ఇంట్లో ఉన్నాను. ఒకరోజు నా భార్య, "నువ్వు ఇంట్ల ఉంటే కుక్కర్ సీటీ మీద గూడ ఫిర్యాదు చేస్తున్నవ్. ఎక్కడన్న పని చూసుకో" అంది. ఆ కుక్కర్ నిజంగానే ఆలస్యంగా సీటీ వేసేది. రబ్బరు పాడైంది. ఆ మాట అంటే ఫిర్యాదు అంటారు.

అప్పుడే మంచిర్యాల బయట, హైవే పక్కన ఒక కొత్త హోటల్ లేచింది. దాని యజమానికి అంతకు ముందు సుల్తానాబాద్ వైపు రైస్‌మిల్లు ఉండేది. అక్కడికక్కడే వండి గ్లాసుల్లో పోసే బీరు పెడితే జనం వస్తారని ఎవరో చెప్పారట. పెద్ద గాజు గోడ కట్టించి, దాని వెనక మెరిసే స్టీలు డ్రమ్ములు నిలబెట్టాడు. యంత్రాలు చూసుకోవడానికి ఫిట్టర్ కావాలన్నాడు. నేను వెళ్లాను.

బీరు వండే ఆవిడ కరీంనగర్ మిషన్ కాంపౌండ్ అమ్మాయి. కెమిస్ట్రీ చదివి, పుణె వెళ్లి ఈ పని నేర్చుకుని వచ్చింది. మంచి పిల్లే. కానీ మొదటి రోజు నన్ను చూసి, "తాతా, మీరేనా ఫిట్టరు?" అంది. నాకప్పటికి మీసం కూడా పూర్తిగా నెరవలేదు. ఆ రోజు నుంచి ఆమెను మేడం అని తప్ప ఇంకోలా పిలవలేదు. ఆమెకు తప్పు తెలిసినట్టుంది, మర్నాటి నుంచి అంకుల్ అంది. నేను మాత్రం మేడం మానలేదు.

నాకు అప్పగించిన యంత్రం గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే నా బాధ మీకు అర్థం కాదు. బార్లీని, హాప్స్ అనే చేదు పువ్వుల్ని కలిపి మరగబెడితే ఒక రసం వస్తుంది. మేం దాన్ని కషాయం అనేవాళ్లం. సలసల కాగే ఆ కషాయాన్ని గబగబా చల్లార్చాలి. చల్లారితేగాని అందులో ఈస్టు వేయడానికి లేదు. చల్లార్చేది ప్లేట్ల కూలర్. పల్చటి స్టీలు రేకులు, వాటి ఒళ్లంతా గీతలు, ఒక్కో రేకు చుట్టూ రబ్బరు అంచు. అన్నింటినీ పేకముక్కల్లా పక్కపక్కన పెట్టి పొడుగాటి బోల్టులతో బిగిస్తారు. ఒక సందులో వేడి కషాయం పోతుంది, పక్క సందులో చన్నీళ్లు ఎదురు వస్తాయి. రెండూ ఎక్కడా కలవవు. మధ్యలో ఉన్న రేకు ఒకదాని వేడిని రెండోదానికి ఇస్తుంది. కషాయం చల్లబడి డ్రమ్ములోకి పోతుంది. నీళ్లు వేడెక్కి గోడలోంచి పైపులో వెనక పెరట్లోకి పోతాయి.

వండిన ప్రతిసారీ ఆ ప్లేట్ల సందుల్లో పువ్వుల పిప్పి ఇరుక్కుంటుంది. వేడి కాస్టిక్ సోడా నీళ్లను వెనక వైపు నుంచి తోసి కడగాలి. అప్పుడప్పుడూ బోల్టులు విప్పి ప్లేట్లను ఒక్కొక్కటిగా తుడవాలి. ఇనుప పీచు తగలకూడదు, గీత పడితే మురికి అక్కడే కాపురం పెడుతుంది. తిరిగి బిగించేటప్పుడు బలం చూపించకూడదు, కొలత చూసుకోవాలి. నేను ఇవన్నీ చేసేవాణ్ని. ఇది మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి, నేను ఇవన్నీ చేసేవాణ్ని.

వెనక పెరడు వంటింటివాళ్ల రాజ్యం. వంటింటిని నడిపేది హుజూరాబాద్ వైపు నుంచి వచ్చిన ఒక ఆవిడ. అందరూ అక్క అనేవాళ్లు. నేను చేరిన వారంలోనే ఆమెకూ నాకూ చెడింది. అందరికీ స్టీలు గ్లాసుల్లో చాయ్ పోసి నాకు కాగితం కప్పులో పోసింది. కారణం అడిగాను.

"గ్లాసులు అయిపోయినయ్ కాకా. తాగితే తాగు, లేకుంటే లే" అంది.

నేను కప్పు అక్కడే పెట్టేసి వచ్చాను. ఇక ఆ పెరట్లో అడుగు పెట్టనని ఒట్టేసుకున్నాను. మర్నాటి నుంచి ఇంటి నుంచి ఫ్లాస్కులో చాయ్ తెచ్చుకున్నాను.

ఎండాకాలం, వానాకాలం బీరు బాగానే వచ్చింది. దీపావళి దాటి చలి మొదలయ్యాక ఆ హోటల్లో ఒక ఆచారం పుట్టింది. మా వైపు చలి ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. పొద్దున చన్నీళ్లు ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతాయి. ప్లేట్ల కూలర్‌లోంచి వేడినీళ్లు ఊరికే పెరటి మోరీలోకి పోతున్నాయని వంటింటివాళ్లు కనిపెట్టారు. ఇంకేముంది, బీరు వండే రోజే తలస్నానాల రోజైంది. వంట తెల్లవారక ముందే మొదలయ్యేది, కూలర్ నడిచే వేళకు పెరట్లో బకెట్లు వరసకట్టేవి. కుంకుడుకాయ నురగ కిటికీలోంచి నాకు కనిపించేది. వంటింటి ఆడవాళ్లు, గదులు ఊడ్చేవాళ్లు, ఆదిలాబాద్ దాటి మహారాష్ట్ర అంచు నుంచి వచ్చిన వాచ్‌మన్, అందరూ జుట్టు ఆరబెట్టుకుంటూ, ఒళ్లంతా ఆవిర్లతో మా గదిలోకి వచ్చేవాళ్లు.

అందరికీ బకెట్ ఉంది. నాకు లేదు.

మా బాయి మీద, అంటే బొగ్గు గని దగ్గర, పని దిగి పైకి రాగానే ఉడుకు నీళ్ల స్నానం కార్మికుడి హక్కు. దానికోసం కొట్లాడినవాళ్లలో నేనొకణ్ని. ఇక్కడ ఆ నీళ్లను వేడి చేసేదే నా యంత్రం. సోడాతో దాన్ని కడిగేది నేను. అయినా ఎవరూ, "కాకా, నువ్వు గూడ రా" అనలేదు. నేనడగను. పిలవాలి.

ఒకసారి వాచ్‌మన్ తల తుడుచుకుంటూ వచ్చి, "ఏం ఉడుకున్నయ్ కాకా, సగం సల్ల నీళ్లు కలిపితెనే పోసుకోవస్తది" అన్నాడు. ఆ మాట నా ముందు ఎందుకు అన్నట్టు?

సరిగ్గా అప్పుడే బీరు చెడిపోవడం మొదలైంది.

కూలర్ దాటి బయటికి వచ్చే కషాయం చల్లగా ఉండాల్సింది వెచ్చగా వస్తోంది. మేడం పంపు వేగం తగ్గించేది. నెమ్మదిగా పంపితే ఇంకొంచెం చల్లారుతుంది కదా. కానీ అలా తగ్గించేకొద్దీ కషాయం గంటల తరబడి వేడిగానే నిలబడి ఉండేది. కషాయం అంతసేపు వేడిగా ఉంటే బీరుకు ఉడికిన గోబిగడ్డ వాసన, అదే క్యాబేజీ వాసన, వస్తుంది. ఆ సంగతి మేడం చెబితేనే నాకు తెలిసింది. తాగడానికి వచ్చినవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఒకాయన గ్లాసు వాసన చూసి, "గిదేంది, నిన్నటి కూరనా?" అన్నాడు. యజమాని ఆ డ్రమ్ము మొత్తం మోరీలో పోయించాడు. పోయిస్తున్నంత సేపూ నన్నే చూశాడు.

"అంకుల్, ప్లేట్లు సరిగ్గనే కడుగుతున్నరా?" మేడం అడిగింది.

"కడుగుతున్న మేడం."

"చలికాలం కదా, ట్యాంకుల నీళ్లు ఇంకా చల్లగున్నయ్. కషాయం ఇంకా జల్ది చల్లారాలె. చల్లారుతలేదంటే ప్లేట్లకు ఏదో పేరుకున్నట్టే."

చెప్పిన లెక్క తప్పు కాదు, అందుకే ఎక్కువ మండింది. ప్లేట్లు విప్పాను. ఒక్కో ప్లేటునూ ఆమె వెలుగుకు పట్టి చూసింది, తెల్లటి కాగితంతో తుడిచి చూసింది, ఆఖరికి వాసన కూడా చూసింది. కాగితం తెల్లగానే ఉంది. నీళ్లు వచ్చే వాల్వు పూర్తిగా తెరిచి ఉంది. పైన ట్యాంకు నిండుగా ఉంది. రబ్బరు అంచులన్నీ కొత్తవి వేశాను. మళ్లీ వండాం. మళ్లీ గోబిగడ్డే.

ఈసారి యజమాని నేరుగా నా దగ్గరికే వచ్చాడు.

"ఏం పెద్దమనిషీ, కండ్లు మంచిగ కనవడ్తున్నయా?"

నేను గదికి ఈ చివర నిలబడి, ఆ చివర గోడకున్న మంటలార్పే డబ్బా మీది అక్షరాలన్నీ చదివి వినిపించాను. తయారు చేసిన కంపెనీ పేరుతో సహా. ఆయనకు నచ్చలేదు.

"సోమవారం గూడ గిట్లనే అయితే హైదరాబాద్ నుంచి వేరేటోన్ని పిలిపిస్త. నువ్వు ఇంటికాడ రెస్టు తీసుకో" అన్నాడు.

పని పోవడం నాకు పెద్ద విషయం కాదు. పోయే తీరు చూడండి. జీవితమంతా గనుల్లో ఫిట్టర్‌గా పనిచేసిన మనిషిని ప్లేట్లు కడగడం రాదని పంపేశారు అంటే, మా కాలనీ చాయ్ హోటల్ ముందు నుంచి నేను ఎలా నడవాలి? అక్కడ కూర్చునేవాళ్లలో సగం మంది నేను ఏదో ఒక రోజు తప్పు పట్టినవాళ్లే. వాళ్లు దానికోసమే కాచుకుని కూర్చున్నారు. "ఇంట్ల గిన్నెలు కడిగిస్తే అలవాటైతుండె" అని ఎవడనేవాడో కూడా నాకు తెలుసు.

ఆ సోమవారం వచ్చింది. కషాయం మరిగింది. పంపు వేశాం. థర్మామీటర్ ముల్లు ఎక్కడ ఉండకూడదో అక్కడే ఆగింది. మేడం ఏమీ అనకుండా పంపు తగ్గించింది. ఏమైనా అనుంటే నేనూ ఏదో ఒకటి అనేవాణ్ని.

ఓ అరగంట గడిచాక యజమాని పైఅంతస్తులోంచి దిగి వచ్చాడు. ఆయన అక్కడే ఉండేవాడు. సోమవారం కాబట్టి తలస్నానం చేసి, విభూతి పెట్టుకుని, వేములవాడ రాజన్న దర్శనానికి తయారై ఉన్నాడు. ముల్లు చూశాడు. నన్ను చూశాడు. అందరినీ పిలిచాడు. అక్క వచ్చింది, వాచ్‌మన్ వచ్చాడు. ఇద్దరి తలలూ తడిగానే ఉన్నాయి.

"ఇగ చాలు. పెద్దమనిషి ఇయ్యాల్టితోని బంద్. అందరి ముందట చెప్తున్న, మల్ల నాకు చెప్పలే అనొద్దు" అన్నాడు. తర్వాత మర్యాదకో ఏమో, "నీదేమన్న ఉంటే చెప్పు" అన్నాడు.

ఆ మాట అనకుండా ఉండాల్సింది.

నేను మొదటి నుంచి మొదలుపెట్టాను. కుర్చీ సంగతి చెప్పాను. తాతా అన్న సంగతి చెప్పాను, మేడం తల దించుకుంది. కాగితం కప్పు సంగతి చెప్పాను. క్రిస్మస్‌కు మేడం వాళ్లమ్మ పంపిన కేకులో నాకు మాడిన అంచు ముక్క వచ్చిన సంగతి చెప్పాను. నా సామాను పెట్టెలోంచి ఇత్తడి వాల్వు ఒకటి పోయిందని ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ పట్టించుకోలేదని చెప్పాను. యజమాని రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. నేను ఆగలేదు.

"ఆఖరికి నీళ్లు గూడ" అన్నాను. "నా మిషన్ల కాగిన నీళ్లు. హోటల్ హోటలంతా తలకు పోసుకుంటున్నరు. సగం సల్ల నీళ్లు కలుపుకునేటంత ఉడుకు నీళ్లు. నాకు ఒక చెంబు గూడ లే."

"అంకుల్, ఒక్క నిమిషం" అంది మేడం.

"నన్ను పూర్తి చేయనియ్యుండ్రి మేడం. ఇంక ఉన్నయ్."

"చల్ల నీళ్లు ఎందుకు కలుపుతున్నరు?"

"కాలుతున్నయట. గా వాచ్‌మన్‌నే అడుగుండ్రి."

"కాలొద్దు గదా" అందామె, నాతో కాదు, తనలో తాను. "నిండుగ పోతే గోరువెచ్చగ ఉండాలె. కాలుతున్నయంటే నీళ్లు సన్నగ పోతున్నట్టు." అంటూనే పెరటి తలుపు వైపు పరుగెత్తింది. అందరూ ఆమె వెనక పరుగెత్తారు.

నేను గడప దగ్గర ఆగిపోయాను. ఒట్టు ఉంది కదా.

"రా కాకా, జర అడుగు పెట్టు" అంది అక్క.

"నేను రాను. ఎందుకు రానో నీకు ఎరుకే."

"ఇప్పుడు గూడనా?"

"ఇప్పుడు గూడ."

గడప మీద నిలబడి మెడ సాచి చూశాను. గోడలోంచి వచ్చే పైపు చివర పాత గుడ్డ చుట్టి ఉంది. మేడం గుడ్డ లాగేసింది. లోపల ఒక వాల్వు, దాదాపు పూర్తిగా మూసి ఉంది. దానిలోంచి నీళ్లు సన్నటి ధారగా, పొగలు కక్కుతూ బకెట్లో పడుతున్నాయి. నీళ్లను అలా బిగబట్టి నెమ్మదిగా పంపితే ప్లేట్ల మధ్య ఎక్కువసేపు ఉండి బాగా కాగుతాయి. తలంటుకు బ్రహ్మాండం. కానీ కషాయంలోని వేడిని మోసుకుపోవడానికి సరిపడా నీళ్లు లోపలికి రావు. లోపల మేం వాల్వు ఎంత తెరిచి ఏం లాభం, బయట గొంతు పట్టుకుని కూర్చున్నారు.

నేను అదంతా తర్వాత ఆలోచించాను. ముందు నా కంటికి కనిపించింది వేరు.

"గది నా వాల్వు" అన్నాను. గడప ఎప్పుడు దాటానో నాకే తెలియదు. "నా ఇత్తడి వాల్వు. పిడి మీద నా గుర్తు ఉంటది, చూడుండ్రి."

గుర్తు ఉంది.

"ఎవరు పెట్టిన్రు గిది?" యజమాని అడిగాడు. వాచ్‌మన్ ఆకాశం వైపు చూశాడు. "ఎవరంటే చెప్పరేంది? నా బీరంత మోరీల పోసిన్రు మీరు. ఒక్కొక్కని సంగతి చెప్త."

అక్క కొంగు బిగించుకుంది.

"సారూ, మీరు పొద్దుగాల పోసుకున్నయి గూడ గివే నీళ్లు" అంది.

"నాయి గీజర్ నీళ్లు."

"గీజర్ చలి షురూ కాకముందే ఖరాబైంది. చెప్తే గుస్స చేస్తరని చెప్పలే. వాచ్‌మనే బకెట్ మోసుకొచ్చి మీ బాత్రూంల పెడ్తున్నడు. సోమవారం మీరు తలకు పోసుకుంటరని, వంట సోమవారం పెట్టిచ్చిందే మేము. మేడంను అడుగుండ్రి, మొదలు ఆమె శుక్రవారమన్నది."

యజమాని చెయ్యి దానంతటదే తల మీదికి పోయింది. జుట్టు ఇంకా తడిగానే ఉంది.

ఈలోపు మేడం వాల్వు పూర్తిగా తిప్పేసింది. పైపు ఒక్కసారి దగ్గి, నీళ్లు ధారాళంగా దూకాయి. బకెట్ బోర్లాపడింది. ఆమె లోపలికి పరుగెత్తి థర్మామీటర్ ముందు నిలబడింది. మేమంతా ఆమె వెనక నిలబడ్డాం. ముల్లు కాసేపు కదల్లేదు. తర్వాత మెల్లగా పడిపోవడం మొదలైంది. మేడం పంపు వేగం పెంచింది. అయినా పడుతూనే ఉంది.

"అయిపోయింది. ఇగ దీనికి వాసన రాదు" అంది మేడం, అక్కడున్న బస్తా మీద కూలబడుతూ. అది నా బస్తా. ఆ రోజుకు ఏమీ అనలేదు.

యజమాని ఎవర్నీ ఏమీ అనలేకపోయాడు. అంటే తన తలనుంచే మొదలుపెట్టాలి. కారు తాళాలు తీసుకుని బయలుదేరబోయాడు. నేను ఎదురుగా నిలబడ్డాను.

"సారూ, ప్లేట్లు?"

"ఏం ప్లేట్లు?"

"అందరి ముందట నన్ను బంద్ చేసిన్రు. అందరి ముందట చెప్పుండ్రి."

"సరే, రేపటి సంది రా. ఇగ జరుగు."

"వచ్చుడు గాదు సారూ. ప్లేట్ల ముచ్చట."

"మంచిగనే ఉన్నయ్ పో."

"ఏవి మంచిగున్నయ్?"

ఆయన ఒకసారి కళ్లు మూసుకుని తెరిచాడు. "ప్లేట్లు శుభ్రంగనే ఉన్నయ్. మొదటిసంది శుభ్రంగనే ఉన్నయ్. ఇగ నన్ను రాజన్న కాడికి పోనిస్తవా?"

పోనిచ్చాను.

తర్వాత మేడం నాతో, "అంకుల్, మీరు ఒక్కసారి పెరట్లకు పోయి పైపు చూసుంటే మొదటి రోజే దొరుకుతుండె గదా" అంది. మీలో కొందరు కూడా అదే అనుకుంటూ ఉంటారు. ఆమెకు చెప్పిందే మీకూ చెబుతాను. చాయ్ స్టీలు గ్లాసులో పోసి ఉంటే వెళ్లేవాణ్ని.

ఆ బీరు బాగా కుదిరింది. గ్లాసు వాసన చూసిన పాతాయనే మళ్లీ వచ్చి, వాసన చూసి, ఏమీ అనకుండా తాగి ఇంకోటి అడిగాడు. పెరట్లో మాత్రం సంతాపం. వాల్వు నేను విప్పి తెచ్చేసుకున్నాను. ఇప్పుడు నీళ్లు కుండపోతగా వస్తున్నాయి, కానీ గోరువెచ్చగా. బకెట్ పట్టి, సబ్బు అందుకునేలోపు ఆ వెచ్చదనం కూడా పోతుంది. కుంకుడుకాయలు ఆగిపోయాయి. వాచ్‌మన్ మంకీ టోపీ తీయడం మానేశాడు. హోటల్లో ఎవరికి జలుబు చేసినా నా వైపే చూసి తుమ్మేవాళ్లు.

తర్వాతి వంట రోజు అక్క మా బీరు గది కిటికీ దగ్గరికి వచ్చింది.

"కాకా, నీ బకెట్ పెట్టిన. నీదే ఫస్ట్ నంబరు. చెంబు గూడ లే అన్నవ్ గదా, రా."

వెళ్లాను. పిలిచాక వెళ్లకపోతే మర్యాద కాదు. పెరట్లో మబ్బు పట్టి, గోదావరి వైపు నుంచి గాలి కొడుతోంది. నిండా నింపిన బకెట్ ఎంతసేపటి నుంచి అక్కడ ఉందో తెలియదు. వాచ్‌మన్, వంటింటివాళ్లు, ఊడ్చేవాళ్లు అందరూ పని మానుకుని గోడ వెంబడి నిలబడ్డారు. నేను చొక్కా విప్పి, లుంగీ ఎగ్గట్టి, మొదటి చెంబు తల మీద పోసుకున్నాను. ఊపిరి లోపలికి పోయింది, బయటికి రాలేదు. దవడలు వాటంతటవే కొట్టుకోవడం మొదలుపెట్టాయి. వాటిని గట్టిగా బిగించి పట్టుకున్నాను.

"ఎట్లున్నయ్ కాకా నీళ్లు?" అక్క అడిగింది.

"కాలుతున్నయ్" అన్నాను. "జర సల్ల నీళ్లు కలపాలె."

ఆమె నవ్వలేదు. నల్లా కాడికి పోయి, ఒక పెద్ద చెంబు నిండా చన్నీళ్లు పట్టుకొచ్చి నా బకెట్లో పోసింది.